వీపు కింది గాలి

లంకమల అడివిలో రాత్రి కాపలా నాది.
నేల మీద తేళ్ళు, కట్లపాములు.
రెండు చండ్ర మాన్ల మధ్య
పారాచూట్ గుడ్డ ఉయ్యాల కట్టుకుంటా.
జనవరి చలి పైనుంచి రాదు,
కిందినుంచి వచ్చి వీపు నాకుతాది.

మొదటి రాత్రి నాయన కుట్టిన బొంతే
ఉయ్యాల లోపల పరుచుకున్నా.
తెల్లారేసరికి నడుము కొయ్యబారింది.

బద్వేలుకొచ్చి చెబితే నాయన నవ్వినాడు,
నలభై ఏండ్లు దూదేకిన మనిషి.
"ఒంటి బరువు పడినచోట దూది సచ్చిపోతాదిరా మాబూ.
దూదిలో యాడుంది యెచ్చన?
అది పట్టుకున్న గాలిలో ఉంది.
బొంతను ఉయ్యాల కింద ఏలాడదీయి.
కొత్తల్లుని మాదిరి ఉండాల,
ఆనీ ఆననట్టు."

అట్లా మొదలైంది ఈ యవ్వారం.

దూది బరువు, మోసుకొని కొండెక్కలేను.
కేసీ కాలువ కింద కోతలైన మళ్ళలో
నెల్లూరు దిక్కునుంచి బాతులు తోలుకొచ్చిన
పోలేరయ్యను అడిగితే
రొమ్ము మీది నూగు మూడు గోతాలిచ్చి
డబ్బులొద్దు, నీ టార్చిలైటు ఇయ్యమన్నాడు.

కుంకుడు రసంలో ఆరుసార్లు ఉతికినా.
బురద పోయింది, బాతు పోలేదు.
దోమతెర సంచిలో కట్టి మిద్దె మీద ఆరేస్తే
మూడోనాటికి గుప్పెడు ముద్ద
బుట్టెడు మబ్బయింది.

గుడ్డ కోసం ప్రొద్దుటూరు.
నోటితో ఊదితే ఊపిరి అవతలికి పోగూడదు.
పదకొండు తానులు ఊదినా.
"బుడగలు పక్కంగట్లో అమ్ముతారు నాయనా"
అన్నాడు అంగడాయన.

పై గుడ్డకూ కింది గుడ్డకూ మధ్య
దోమతెర పట్టీలు నిలబెట్టి కుట్టినా,
రెండంగుళాల గోడలు.
రెండు గుడ్డలూ కలిపి నేరుగా కుడితే
కుట్టు పొడుగునా చలికి బాట వేసినట్టే.
సన్న సూది, మైనం రుద్దిన దారం.
సూది లావైతే
అది పొడిచిన తూటులోంచే నూగు తొంగిచూస్తాది.

పన్నెండు గదులు, గదికి పదహారు గ్రాములు.
కంసాలి ఓబులాచారి
"బంగారం తూచే పళ్ళెంలో బాతీకలా!" అని
మొహం చిట్లించి, త్రాసు చంకనబెట్టుకొని
తనే వచ్చి కూచున్నాడు తూకానికి.

తలుపులేసి, ఫ్యాను ఆపి,
ఊపిరి బిగబట్టి నింపుతావుంటే
ఏడో గది కాడ
చెల్లెలు హుసేనమ్మ తుమ్మింది.

అంతే.

దూలానికి, బల్బుకి, ఆచారి మీసానికి,
మూకుడులో చల్లారుతున్న నూనెకి,
గోడకు తగిలించిన నాయన విల్లుకి
ఎక్కడ చూసినా నూగు.
ఆ విల్లు నారి మోగి ఎన్నేండ్లయిందో.
ఇట్లాంటి తెల్లని గాలిలోనే
నాయన బతికినాడు, మమ్మల్ని బతికించినాడు.
ఎక్స్‌రేలో చూపించినాడు డాక్టరు,
ఇదిగో, ఇదంతా దూదే అని.

"బయటికి పో నాయనా" అని అరిచినా.
పోలేదు. తువ్వాలు ముక్కుకు చుట్టుకొని
మోకాళ్ళ మీద పాకుతా
తడి వేలితో ఒక్కొక్క నూగూ అద్దుకొచ్చి
నా అరచేతిలో రుద్దినాడు.
ఎంత ఏరినా
ఏడో గదికి నాలుగు గ్రాములు తగ్గింది.
తగ్గినట్టే కుట్టేసినా.

నిన్న రాత్రి
ఉయ్యాల కింద దాన్ని తగిలించి
రెండు కొసలా రబ్బరు తాడు బిగించి
పడుకొని, చెయ్యి కిందికి పోనిచ్చి తడిమినా.
ఆనింది. నలగలేదు.
కాసేపటికి నా వేడే
కిందికి దిగి, దారి లేక,
మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

ఎడమ నడుము కాడ మాత్రం
రూపాయి బిళ్ళంత చలి.
హుసేనమ్మ తుమ్ము అది.
నవ్వుకొని పక్కకు తిరిగినా.

రెండు గంటలప్పుడు పొదల్లో
ఏదో పిట్ట రెండుసార్లు కూసింది.
టార్చి లేదు కదా,
వెన్నెల్లోనే డ్యూటీ పుస్తకం తీసి రాసినా.
చెయ్యి వణకలేదు.

ఆ పేజీ నాయనకు చూపించాల.
చదువు రాదు ఆయనకు.
కుట్టు చూసినట్టు చూస్తాడు,
వరస తిన్నగా పోయిందా లేదా అని.